పాదాల దాకా

1. మే 14, సాయంత్రం, పూడిమడక కొత్త తీరం

బండి: పైకప్పు సౌరపలకలతో నడిచే ఎండబండి. మనుషులు: ముగ్గురు. రాసేది: నూకరత్నం, సాక్షి బిళ్ల ఉన్న మనిషి, వయసు యాభై రెండు. చూపు బాగానే ఉంది, చెవులు అంతకన్నా బాగా పనిచేస్తున్నాయి. ఈ పుస్తకంలో కొట్టివేతలు ఉండవు. ఏ రోజుది ఆ రోజే రాస్తాను, బండిలో వాళ్లకు చూపించను.

నియమం ప్రకారం తోటివాళ్ల వివరాలు. బండి నడిపేది దమయంతి. కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం తనది. అబద్ధాలు ఆడుతుంది కాని చిన్నవే ఆడుతుంది. వెనక సీట్లో గౌరీశు. అతనూ మా తరగతే. చదువులైపోయిన దగ్గర్నుంచి ఏటా ఒకసారి ముగ్గురం బయల్దేరి సముద్రం చూసుకుంటూ వెళ్లి, ఘాటీ రోడ్డున కొండెక్కి, జలపాతాల్లో తడిసి వస్తాం. మునుపు ఎవరైనా ఎక్కేవాళ్లు. ఇప్పుడు సాక్షి బిళ్ల లేని బండికి ఘాటీ గేటు తెరవరు కనుక ఈ ఇద్దరూ నన్ను కొంచెం మర్యాదగా చూస్తున్నారు. ఇడ్లీ కూడా ముందు నాకే పెడుతున్నారు.

ఈసారి నా జాబితాలో ఉన్నది తేనెబండ జలపాతం. మూడేళ్లలో ఒక్క సాక్షీ తడవని జలపాతం పటంలోంచి పోతుందని, దాని నీళ్లు గొట్టంలోకి పోతాయని గేటు కచేరీలో ఈ పుస్తకం చదివే మీకు తెలిసిందే. తేనెబండకు మొదటి ఏడు కొండ విరిగిపడి దారి మూసుకుంది. నిరుడు వెళ్లిన సాక్షికి సగం దారిలో జ్వరం వచ్చింది. ఇది మూడో ఏడు. అనుమతి ఈ మే నెలలోనే వచ్చింది, గడువు పందొమ్మిదో తేదీ. జలపాతం కింద నలభై ఇళ్లున్నాయి. నేను ఆ తేదీలోగా అక్కడ తడిస్తే ఊరు ఉంటుంది. లేకపోతే ఆ నలభై ఇళ్లూ మూటలు కట్టుకుని కొండ దిగాల్సిందే.

అలాగని నేను జాలిపడి రాసే రకం కాదు. ఆరేళ్ల కిందట నెమలిమెట్ట అనే జలపాతం నా చేతి రాతతోనే పటంలోంచి పోయింది. "తడవలేదు" అని ఒక్క మాట రాశాను. అందులో అబద్ధం లేదు.

ఇక ఈ రోజు సంగతి. సముద్రం ప్రశాంతంగా ఉంది. పాత ఊరి తుఫాను షెల్టరు పై అంతస్తు నీళ్లపైన కనిపిస్తోంది, దాని పిట్టగోడకు పడవలు కట్టేశారు. మేం గట్టు మీద కూర్చుని వేయించిన చేపలు తింటుంటే కొండ ఊళ్లవాళ్లను మాత్రమే ఎక్కించుకునే కొండబస్సు వచ్చింది. గౌరీశు గబగబా లేచి వెళ్లి కండక్టరు చేతిలో ఒక చీటీ పెట్టాడు. చీటీలు రాయడం వింతేమీ కాదు. నా గొంతుతో ఎవరో ఫోను చేసి మా చెల్లెల్ని మోసం చేసిన దగ్గర్నుంచి మా ఇంట్లోనూ చీటీలే. ఫొటోలైతే ఇప్పుడు పిల్లలు ఆడుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. కాని ఆ చీటీ ఇస్తూ అతను రెండుసార్లు వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"ఎవరికిరా అది?" అన్నాను.

"మా మేనత్తకి. ఒంట్లో బాగోలేదంట."

గౌరీశు మేనత్త పోయి నాలుగేళ్లయింది. ఆవిడ దినానికి వెళ్లి గారెలు తిని వచ్చినదాన్ని నేను. ఆ మాట ఇక్కడే రాసుకుంటున్నాను.

2. మే 15, సాయంత్రం, భీమిలి

ఈ రోజు కొండ కిందికి చేరాల్సింది. చేరలేదు.

పొద్దున్నే బండి పలకల మీద ఉప్పు తుడవాలి. తీరం వెంట నడిచే బండికి ఇది పళ్లు తోముకోవడం లాంటిది, మానితే మధ్యాహ్నానికి బండి కదలదు. ముప్పై ఏళ్లుగా బండ్లు నడుపుతున్న దమయంతి ఈ రోజు తుడవడం మరిచిపోయింది. సరే, మనిషన్నాక మరుపు ఉంటుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగినప్పుడు బండిని తీసుకెళ్లి సరుగుడు తోపు నీడలో పెట్టింది. ఎండబండిని నీడలో పెట్టేవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

"ఏటే ఇది? బండికి వడదెబ్బ తగులుతుందా?" అన్నాను.

"మనకి నీడ కావాలి కదే. నువ్వు ఊరికే కంగారు పెట్టీకు" అంది, నా మొహం చూడకుండా.

దిబ్బలు సగం సముద్రంలో కలిసిపోయాయి. మిగిలిన సగం ఎంత ఎర్రగా ఉన్నాయంటే అలలు కూడా ఒడ్డున కుంకుమ కలిపినట్టున్నాయి. చాలా అందంగా ఉంది. ఆ అందాన్ని నేను మనసారా చూడలేకపోయాను, అందుకు ఈ ఇద్దరి మీద నాకు కోపంగా ఉంది. మూడింటికి బయల్దేరదామంటే గౌరీశు నీళ్లలో నిలబడ్డ పాత లైట్‌హౌసు ఇంకోసారి చూడాలన్నాడు. పడవ మాట్లాడుకుని వెళ్లి, తిరిగొచ్చేసరికి ఐదున్నర.

"పంతొమ్మిది దాకా ఉంది కదా రత్నం, అంత బేగి వెళ్లి ఏం చేస్తావు?" అన్నాడు.

తేదీ గౌరీశుకు బాగా గుర్తుంది. ఎక్కడ పర్సు పెట్టాడో గుర్తుండని మనిషికి నా జాబితా గడువు గుర్తుంది.

నా అనుమానం ఏమిటో రాసేస్తాను. గొట్టాల కంపెనీ వాళ్లు సాక్షుల బండ్లలో తమ మనుషుల్ని పెడతారని వింటూనే ఉన్నాం. అబద్ధం రాయమని వాళ్లు అడగరు, ఆలస్యం చేయిస్తారంతే. గడువు దాటితే ఎవరి చేతికీ మట్టి అంటదు. నా స్నేహితులు అంత పని చేస్తారా? నిన్నటిదాకా అడిగి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

3. మే 16, మధ్యాహ్నం, ఘాటీ మొదట్లో

దారిలో ఒక జలపాతం ఉంది, బయట రంగుల బోర్డు, లోపల పాటలు, మొక్కజొన్న పొత్తులు. పిల్లలతో సహా వందమంది తడుస్తున్నారు. బిళ్ల చూసి అక్కడి మేనేజరు నాకు తువ్వాలు, కొబ్బరినీళ్లు తెచ్చి ఇచ్చాడు. వెళ్లి కింద నిలబడ్డాను. తల నుంచి పాదాల దాకా తడిశాను. నీళ్లు ఈతకొలను వాసన వేస్తున్నాయి. అంతసేపు నిలబడితే పైన ఎక్కడో మోటారు ఒకసారి దగ్గి మళ్లీ అందుకోవడం కూడా వినిపించింది.

నియమం ఈ పుస్తకం వెనక అట్ట మీదే అచ్చై ఉంది. తనంతట తాను పడే నీటి కింద సాక్షి నిలబడాలి, తల నుంచి పాదాల దాకా తడవాలి. మోటారు నీళ్లు తనంతట తాను పడే నీళ్లు కావు. కనుక "తడిశాను, లెక్కకు రాదు" అని వాళ్ల పుటలో రాసి ముద్ర వేశాను. మేనేజరు కొబ్బరిబొండం వెనక్కి తీసుకున్నాడు.

గమనించాల్సింది ఇది కాదు. నేను ముద్ర వేస్తుంటే గౌరీశు మొహం పాలిపోయింది.

"మరీ అంత పట్టింపు ఎందుకు రత్నం? నీళ్లయితే పడుతున్నాయి కదా" అన్నాడు.

"నీకెందుకు బాధ? నీ మోటారా?" అన్నాను.

 దమయంతీ అతనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బండి అద్దంలో నాకు ఇద్దరూ కనిపిస్తారన్న సంగతి వాళ్లు మరిచిపోయినట్టున్నారు.

4. మే 17, సాయంత్రం, ఘాటీ సత్రం

గౌరీశు ఈ రోజు రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. కాలేజీ రోజుల నుంచీ అతనికి గడ్డం సరిగా మొలవదు, ఆ సంగతి మీద మేం ఎన్ని హాస్యాలాడామో లెక్కలేదు. అలాంటివాడు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం నాలుగింటికి ఒకసారి అద్దం పట్టుకుని సత్రం వెనక బండమీదికి ఎక్కాడు. నేను బట్టలు ఆరేసే నెపం మీద వెనకే వెళ్లాను. మొహానికి సబ్బు లేదు, చేతిలో కత్తి లేదు. అద్దాన్ని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఎదురు కొండ మీద ఏదో తళుక్కుమంది. అతను అద్దం దించి నవ్వుకున్నాడు.

ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పదకొండు రోజులు వరండాలో పడుకున్నవాడు వీడే. వీడినే నేను ఇప్పుడు తడిబట్టల చాటునుంచి దొంగను చూసినట్టు చూస్తున్నాను.

లోపలికొచ్చి దమయంతిని అడిగాను, రేపు ఎన్నింటికి బయల్దేరుతున్నామని.

"ఎల్లుండి వెళ్దాంలే. టైరు ఒకటి మెత్తగా ఉంది."

వెళ్లి టైరు తన్ని చూశాను. నా కాలు నొప్పెట్టింది కాని టైరు మెత్తగా లేదు. తిరిగొచ్చి దమయంతి హ్యాండుబ్యాగులోంచి బండి తాళం తీసి నా జాకెట్లో పెట్టుకున్నాను.

"రేపు ఆరింటికి" అన్నాను.

ఇద్దరూ నిలబడిపోయారు. గౌరీశు మెల్లగా, "ఆరు వద్దు. పదింటికి అక్కడుండేలా వెళ్దాం. పదింటికైతే బాగుంటాది" అన్నాడు. జలపాతం పదింటికి బాగుండటం, తొమ్మిదింటికి బాగోకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

5. మే 18, సాయంత్రం, తేనెబండ

పది అవుతుండగా చేరాం. తాళం నా దగ్గరున్నా దారిలో వీళ్లకు నాలుగుసార్లు కడుపు నొప్పి వచ్చింది, ప్రతిసారీ గౌరీశు అద్దం పట్టుకునే దిగాడు.

మలుపు తిరగకముందే మోత వినిపించింది. మేలో ఈ మోత ఏమిటి? తిరిగి చూద్దును కదా, కొండ మీంచి తెల్లటి నీళ్లు మంచం వెడల్పున దూకుతున్నాయి. ఊరివాళ్లు పది పన్నెండు మంది కింద నిలబడి నవ్వుతున్నారు. నవ్వేవాళ్ల పెదాలు పగిలి ఉన్నాయి.

గౌరీశు నా చెయ్యి పట్టుకుని లాగాడు. "రా, ముందు తడిసీ! తరవాత చూసుకోవచ్చు. రా రత్నం!"

"ఎందుకు తొందర? నీళ్లు ఎక్కడికైనా పోతాయా?"

 నేను వంగి నీళ్లు చూశాను. నీళ్లలో మేక పెంటికలు తేలుతూ వస్తున్నాయి, ఎండినవి, గుప్పెళ్లకొద్దీ. రోజూ నీళ్లు పారే చోట మేకలు పడుకోవు. నీళ్ల అంచున బండ తెల్లగా, పొడిగా ఉంది, పాచి అన్నది లేదు. ఈ బండ మీద ఈ నీళ్లు దూకడం మొదలై గంట కూడా కాలేదు.

చీర ఎగ్గట్టి పక్కనున్న దారిన పైకెక్కాను. గౌరీశు వెనకాల పిలుస్తూనే ఉన్నాడు.

పైన కర్రలు, మట్టి బస్తాలు, తడిసిన పాత దుప్పట్లతో కట్టిన అడ్డుకట్ట ఉంది. మధ్యలో తెంచిన గండిలోంచి నీళ్లు పోతున్నాయి. కట్ట పక్కన మిగతా ఊరంతా కూర్చుని ఉంది. అందరి పక్కనా ఖాళీ బిందెలు. ఒక ముసలావిడ లేచి నిలబడింది. పేరు కొర్రా సోంబరి, ఊరికి పెద్ద.

"ఎన్ని రోజులు ఆపారు?" అన్నాను.

"తొమ్మిది."

"ఈ తొమ్మిది రోజులూ ఏం తాగారు?"

"అటు ఊట ఉంది. మనిసికి రోజుకి రెండు చెంబులు."

అప్పటికి గౌరీశు ఆయాసపడుతూ వచ్చాడు. అంతా ఒప్పుకున్నాడు. నా అనుమతి వచ్చిన రోజే కండక్టరు చేత ఈ ఊరికి కబురు పెట్టాడు, చీటీలో మేం బయల్దేరిన సంగతి రాశాడు. అద్దంతో రోజు, వేళ ఖాయం చేశాడు. కట్ట నిండే దాకా నన్ను ఆపడానికే లైట్‌హౌసు, సరుగుడు నీడ, మెత్తటి టైరు. నాలుగు రోజులుగా నేను కంపెనీ మనిషి అనుకున్నవాడు ఈ ఊరి తరఫు మనిషిగా తేలాడు. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఒళ్లు మండింది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే పుస్తకంలో రాసేదానివా కాదా?"

"రాసేదాన్ని."

"అందుకే" అన్నాడు.

 నీళ్ల మోత తగ్గుతూ వచ్చింది. ఇది నాకు లెక్కకు రాదని వాళ్లకు నా మొహంలోనే తెలిసిపోయింది. ఒకామె పిల్లను ఒళ్లో పెట్టుకుని ఇంటివైపు చూస్తోంది, అప్పుడే ఏం సర్దాలో ఆలోచిస్తున్నట్టు. పదకొండు కాకుండానే కట్టలో నీళ్లు అయిపోయాయి. కిందికి దిగి చూస్తే బండ మీంచి వేలు లావు ధార ఒకటి జారుతోంది.

"ఇది కూడా మీరు వదిలిందేనా?" అన్నాను.

"కాదమ్మా. అది మా గెడ్డ నీరు, వాగు నీరు. ఎండల్లో ఇంతే వస్తాది. మా అత్తకి అత్త ఉన్నప్పుడు కూడా ఇంతే. ఆగిపోవడం మాత్రం ఎప్పుడూ లేదు" అంది సోంబరి.

"మరి ఇది ఉండగా ఆ కట్ట ఎందుకు కట్టారు?"

ఆవిడ నా వైపు తిరిగింది. కోపంగా కాదు.

"నాది నెమలిమెట్ట. అక్కడ గెడ్డ గొట్టంలో కలిపీసినాక మా ఐదిళ్లోళ్లం ఇటు వచ్చీసినాం. మిగిలినోళ్లు పట్నం పోయినారు. ఆ దినం నువ్వు వచ్చిన కారు నాను చూసినాను. చెంబుతో నీరు పట్టుకొని పరిగెత్తినాను. అందలేదు. అక్కడా ఎండల్లో ఇంత నీరే. చిన్న నీరుకి మీరు దిగరు. ఈసారి నువ్వు దిగాలని పెద్ద నీరు చేసినాం."

దమయంతి తల వంచుకుంది. గౌరీశు వంచుకున్నాడు. ఆ కారులో వాళ్లూ ఉన్నారు. 

బండి దగ్గరికి వెళ్లి పుస్తకం వెనక అట్ట చదివాను. తనంతట తాను పడే నీరు. సాక్షి నిలబడాలి. తల నుంచి పాదాల దాకా తడవాలి. ఎంత నీరో లేదు. ఎంతసేపో లేదు. అనుమానపు మనిషిని కదా, మూడుసార్లు చదివాను, చిన్న అక్షరాలు కూడా చదివాను. లేదు.

పదకొండూ ఇరవైకి వెళ్లి ఆ ధార కింద నిలబడ్డాను.

నవ్వుకోండి, మొదట ఊరివాళ్లూ నవ్వారు. తల తడవడానికి పావుగంట పట్టింది. గాలి వస్తే ధార పక్కకు పోతుంది, నేను దాని వెనక జరుగుతాను. కుడి భుజం తడిసేసరికి ఎడమ భుజం ఆరిపోతోంది. మే నెల ఎండ, మంచి నూలు చీర, ఈ రెండూ కలిస్తే నీళ్లకు ఓటమే. ఒంటిగంట దాకా నడుం దాటలేదు. అప్పుడు దమయంతి బండిలోంచి దుప్పటి తెచ్చింది. ఒక చివర తను, ఇంకో చివర గౌరీశు ఎత్తి పట్టుకుని నా మీద ఎండ పడకుండా నిలబడ్డారు.

"మనకి నీడ కావాలి కదే" అంది దమయంతి. నవ్వుతూనే అంది కాని కళ్లు తుడుచుకోవడానికి తనకు చేతులు ఖాళీ లేవు.

"నాలుగు రోజులు నిన్ను ఏమనుకున్నానో తెలుసా?" అన్నాను గౌరీశుతో.

"తెలుసు. తడిబట్టల వెనకాల నీ కాళ్లు కనిపించాయి."

"మరి చెప్పొచ్చుగా?"

"తిట్టుకుంటే తిట్టుకో, వస్తే చాలనుకున్నాను."

వదిలిన నీళ్లు దిగువ మడుగులో నిలిచాయి. నేనే అరిచి చెప్పాను తాగమని. తొమ్మిది రోజుల తరవాత ఊరంతా కడుపునిండా తాగి, వచ్చి చుట్టూ కూర్చుంది. నా మోకాళ్ల కోసం అంతమంది ఎదురుచూడటం ఇదే మొదటిసారి. మూడు దాటాక మడమలు తడిశాయి. ఎడమ పాదం వేళ్లు మాత్రం మిగిలాయి, బండ అటు ఎత్తుగా ఉంది. వంగి చేత్తో నీళ్లు తోసుకోవచ్చు, చూసేవాళ్లు ఎవరూ తప్పనరు. తోసుకోలేదు. అలాగే నిలబడ్డాను, నడుం విరిగిపోతున్నా.

మూడూ నలభైకి సోంబరి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని ఒక్కో వేలూ తడిమి చూసింది. చిటికెన వేలు దగ్గర కాసేపు ఆగింది. తరవాత తలెత్తి, "తడిసింది" అంది.

తేనెబండ. మే 18. తనంతట తాను పడుతున్న నీరు. తల నుంచి పాదాల దాకా తడిశాను. నూకరత్నం. ముద్ర.

6. మే 19, ఉదయం, ఘాటీ గేటు

ఇంకో అరగంటలో ఈ పుస్తకం మీ కిటికీలో ఇచ్చేస్తాను. ముందు పుటల్లో నా స్నేహితుల మీద రాసిందంతా అలాగే ఉంది, కొట్టేయడానికి వీల్లేదు. అడ్డుకట్ట సంగతీ ఉంది. చదవండి. ముద్ర వేసిన నీళ్లు కట్ట నీళ్లు కావని నమ్మకం లేకపోతే ఎవరినైనా పంపించి నిలబెట్టి చూడండి. నాలుగు గంటలు పడుతుంది, దుప్పటి తెచ్చుకోమనండి.

ఇంకొకటి రాయాలి. ఇది రాస్తే బిళ్ల వెనక్కి తీసుకుంటారని నాకు తెలుసు. బిళ్ల లేకపోతే వచ్చే ఏడు ఈ గేటు మా ముగ్గురికీ తెరుచుకోదు. దమయంతిని, గౌరీశును అడిగాను. ఈ పుస్తకం వాళ్లకు చూపించకూడదు కనుక నోటితోనే చెప్పాను. దమయంతి పలకల మీద దుమ్ము తుడుస్తూ, "సముద్రానికి గేటు లేదు కదే" అంది. గౌరీశు పెన్ను తెచ్చి ఇచ్చాడు.

మీ బీరువాలో ఆరేళ్ల కిందటి నా పుస్తకం ఉంటుంది. తీసి చూడండి. నెమలిమెట్ట పుటలో, ముద్ర పైన, "తడవలేదు" అని నా చేతి రాత. ఆ రోజు రోడ్డు మీంచి బండ నల్లగా, పొడిగా కనిపించింది. ఎండ మండిపోతోంది. కారులో చల్లగా ఉంది, పాట ఏదో వస్తోంది. వెనక ఎవరో అరుస్తున్నట్టు అనిపించి అద్దంలో చూశాను. ఒకామె చేతిలో ఏదో పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. ఏదో అమ్ముకోవడానికి వస్తోందనుకున్నాను.

నేను రాసింది నిజమే. తడవలేదు. నేను కారు దిగలేదు.